కిట్ వద్దు, జాబితా ఇవ్వండి

తెలుగు రాష్ట్రాల్లోని ప్రైవేటు బడుల ప్రిన్సిపాల్ గార్లకు,



బడులు తెరిచే జూన్ 12 దగ్గర పడుతోందంటే నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలున్న ఇళ్ళలో జరిగే తంతు మీకు కొత్త కాదు. ఫీజు మొదటి టర్మ్ కట్టగానే ఆఫీసులో కూర్చున్నాయన పక్కగదికి దారి చూపిస్తాడు. అక్కడ గోడ పొడుగునా పేర్చిన అట్టపెట్టెలు, ఒక్కోదాని మీద మార్కర్‌తో రాసిన తరగతి పేరు. డబ్బు కడితే పెట్టె చేతికొస్తుంది. రసీదు మీద ఒకటే లైను: ఎల్‌కేజీ కిట్. పక్కన మొత్తం. లోపల ఏమున్నాయి, దేని ధర ఎంత అని అడిగితే ‘అన్నీ కలిపే మేడమ్, విడిగా ఇవ్వం’ అంటారు.

ఈ ఏడాది మా చిన్నమ్మాయి ఎల్‌కేజీలో చేరింది. ఏ బడి అన్నది ఇక్కడ అనవసరం. మా చుట్టుపక్కల ఉన్న మిగతా బడుల్లోనూ ఇదే పెట్టె, రంగు తేడా. ఇంటికి తెచ్చి విప్పి మంచం మీద పరిచాం. ఇంగ్లిష్ రీడర్, దానికో వర్క్‌బుక్, ఫోనిక్స్, రైమ్స్, రెండు భాగాల మ్యాథ్స్, ఈవీఎస్, జనరల్ నాలెడ్జ్, డ్రాయింగ్, కర్సివ్ రైటింగ్, తెలుగు, నీతి కథలు. ఆపైన నోటుపుస్తకాలు: నాలుగు గీతలవి, రెండు గీతలవి, గళ్ళవి, గీతల్లేనివి. చివర స్కూల్ డైరీ. దుప్పటి కనపడలేదు. మా అత్తయ్య ఒక్కో పుస్తకం తీసి చూసి, ‘మీ మావయ్య బీకాం చదివినప్పుడు కూడా ఇన్ని లేవే’ అంది. మా పిల్లకి ఇంకా వాళ్ళ నాన్న ఫోన్ నంబరు నోటికి రాలేదు. జనరల్ నాలెడ్జ్ పుస్తకంలో మూడో పేజీలోనే ప్రపంచ వింతలున్నాయి.

డబ్బు గురించి ఏడవడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. డబ్బు సంగతీ రాస్తాను, కానీ అది తర్వాత. ముందు చెప్పాల్సింది ఇది: నాలుగేళ్ళ పిల్ల చేతికి లొంగేదే జాబితాలో ఉండాలి. మీ పెట్టె కట్టినవాళ్ళెవరూ ఆ చేతిని చూసి కట్టినట్టు లేదు.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు. 1989లో ఆర్.కె. నారాయణ్ రాజ్యసభలో తొలిసారి మాట్లాడటానికి లేచి, ఆ అవకాశాన్ని పిల్లల పుస్తకాల సంచి గురించి చెప్పడానికే వాడుకున్నారు. యశ్‌పాల్ కమిటీ 1993లో చదువుల బరువు మీద నివేదిక ఇచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2017లో తరగతుల వారీగా సంచి బరువు నిర్ణయిస్తూ ఒకటి, రెండు తరగతులకు కిలోన్నర దాటొద్దంది. 2020లో కేంద్రం తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం ప్రీ ప్రైమరీ పిల్లలకైతే అసలు సంచే వద్దంది. 2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మరో మెట్టు ఎక్కి, మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు నిర్ణీత పాఠ్యపుస్తకాలే ఉండకూడదని, వర్క్‌షీట్లు కావాలంటే కాసిని వాడుకోవచ్చని చెప్పింది. ఆ మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ‘జాదుయీ పిటారా’ పేరుతో ఎన్సీఈఆర్టీ ఆటవస్తువుల పెట్టెను విడుదల చేసింది. అదీ పెట్టెనే. అందులో ఉన్నవి మాత్రం బొమ్మలు, పజిళ్ళు, పప్పెట్లు, కథల పుస్తకాలు, కార్డులు. మీ పెట్టెతో పక్కపక్కన పెట్టి చూస్తే తేడా నేను చెప్పక్కర్లేదు.

కర్సివ్ రైటింగ్ పుస్తకం దగ్గర కాస్త ఆగుతాను. మనిషి మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మృదులాస్థే. నాలుగేళ్ళకు వాటిలో సగం వరకే గట్టిపడటం మొదలై ఉంటుంది. అన్నీ పూర్తి కావడానికి పదేళ్ళ పైమాటే. ఆ చెయ్యి సన్నటి పెన్సిల్‌తో నాలుగు గీతల మధ్య ఒంపులు తిరగాలంటే పిడికిలి బిగించి భుజం నుంచి రాయాల్సిందే. మా పిల్ల రాస్తుంటే చూశాను. నాలుక బయటపెట్టి, ఎడమచేత్తో కాగితం నలిపేస్తూ, అర లైను అయ్యేసరికి పెన్సిల్ మొన విరిగింది. అదే పిల్ల పలక మీద అరిగిపోయిన బలపం ముక్కతో గంటసేపు సున్నాలు చుడుతుంది. ముక్క చిన్నది కాబట్టి పిడికిట్లో పట్టదు, మూడు వేళ్ళతోనే పట్టుకోవాలి. పిల్లలకు పట్టు రావడానికి పొట్టి క్రేయాన్లే మంచివని ఆక్యుపేషనల్ థెరపిస్టులు చెప్పే కిటుకు ఇదే. మార్కాపురం పలకల గనుల నుంచి ఒకప్పుడు దేశమంతటికీ పలకలు వెళ్ళాయి. బాసరలో అక్షరాభ్యాసం చేయించినప్పుడు మేం పట్టుకెళ్ళిందీ పలకే. ఆ తర్వాత దానికి బళ్ళో చోటు లేదు. మీ జాబితాలో పలక పెట్టండి, తప్పుగా గీస్తే తుడిచేయొచ్చు, ఎర్ర ఇంకు పడదు. (బలపాలు తినే పిల్లలుంటారు, నిజమే. మా పెద్దది తినేది. డాక్టరు ఐరన్ సిరప్ రాసిచ్చాడు, పలక తీసేయమనలేదు.)

ఇక మీ కిట్‌లో రానివి, మేం బజార్లో కొనేవి: సంచి, నీళ్ళ సీసా, టిఫిన్ బాక్సు. కోఠీలో కొన్నాం. మా కాలంలో ఇవి పెద్దవాళ్ళు తెచ్చి పెట్టేసేవాళ్ళు. ఇప్పుడు పిల్లల్ని వెంట తీసుకెళ్తున్నాం, వాళ్ళు నేరుగా యువరాణి బొమ్మ దగ్గరికి వెళ్తారు. అదృష్టం కొద్దీ మాకు దొరికిన దుకాణం ముసలాయన మంచివాడు. వరసగా ఐదారు సీసాలు గల్లా మీద పెట్టి, ‘ఏ మూత తియ్యగలవో తీసి చూపియ్ బిడ్డా’ అన్నాడు. యువరాణి సీసాకి బటన్ నొక్కితే ఎగిరే మూత. బటన్ నొక్కడానికి మా పిల్ల బొటనవేలి బలం చాల్లేదు, రెండు చేతులతో నొక్కితే సీసా జారి కింద పడింది. మరలు తిప్పే మూత తీసింది కానీ తిరిగి పెట్టడం రాలేదు. చివరికి పైకి లాగే ముక్కు ఉన్న మామూలు సీసా నెగ్గింది. ధర యువరాణిలో సగం. ఏడుపు అయ్యింది లెండి, ఓ స్టిక్కర్ అంటించి సర్దుబాటు చేశాం.

టిఫిన్ బాక్సుదీ అదే కథ. నాలుగు వైపులా క్లిప్పులున్నవి ఏ ఇంజనీరు తయారు చేశాడో గానీ, నాలుగేళ్ళవాళ్ళకి నాలుగూ రావు, రెండు తీసి ఆయమ్మ కోసం చూస్తుంటారు. స్టీలు డబ్బాలో పొద్దున్నే వేడివేడి ఉప్మా పెట్టి మూత నొక్కేస్తాం. చల్లారేసరికి లోపల ఆవిరి తగ్గి మూత పట్టేస్తుంది, పెద్దవాళ్ళకే రాదు. పాతికమంది పిల్లలు, ఒక ఆయమ్మ, చిన్న బ్రేక్. ఎవరి డబ్బా తెరుచుకుంది, ఎవరిది తెరుచుకోకుండానే ఇంటికొచ్చింది? సాయంత్రం తిండి తిరిగొస్తే ‘తినడం లేదు’ అని పిల్లల్ని తిడతాం. జాబితాలో ‘టిఫిన్ బాక్సు: పిల్ల తనంతట తాను తీసి మూయగలిగినది’ అని ఒక్క ముక్క రాస్తే ఎంతమంది కడుపులు నిండుతాయో ఆలోచించండి. మేం కూడా మూత పెట్టే ముందు ఉప్మా కాసేపు ఆరనివ్వాలి.

బూట్లు, బెల్టు, టై. ఇవి మాత్రం మీరే ఇస్తారు, బయట కొనడానికి వీల్లేదు, ఎందుకంటే బెల్టు బకిలు మీద బడి ముద్ర ఉంటుంది. టై ఎలాస్టిక్‌తో వస్తుంది కాబట్టి తగిలించడం తేలికే. కానీ హైదరాబాద్‌లో జూన్ మధ్యలో, ఇంకా వాన కురవని రోజుల్లో, నాలుగేళ్ళ మెడకి అది దేనికి? లేసుల బూట్లు ఇచ్చారు. లేసు ముడి వేయడం పిల్లలకు సాధారణంగా ఐదారేళ్ళకు గానీ రాదు. వెల్‌క్రో పట్టీ ఉన్నవి అదే ధరకు దొరుకుతాయి. శనివారం తెల్ల బూట్లు వేరే. కొన్న రోజున వేలు దూరేంత వదులుగా తీసుకున్నా, ఈ వయసు పాదం రెండు టర్మ్‌లకు మించి ఆగదు.

బెల్టు సంగతి మీ ఎల్‌కేజీ టీచర్లని ఒంటరిగా పిలిచి అడగండి. పిల్లాడికి ఒంటేలు వస్తోందని తెలిసేదే ఆఖరి నిమిషంలో. పరుగెత్తుకెళ్ళి ఆ బకిలు విప్పుకోలేక నిలబడతాడు. తర్వాత జరిగేది మీకు డైరీలో ‘దయచేసి అదనంగా ఒక జత బట్టలు పంపండి’ అన్న నోట్‌గా కనిపిస్తుంది. అదనపు జత కూడా యూనిఫామే అయ్యుండాలి, అది కూడా మీ దగ్గరే కొనాలి. నడుముకి ఎలాస్టిక్ ఉన్న నిక్కరుకి బెల్టు ఎందుకు పెట్టారో ఎవరైనా చెబితే వినాలని ఉంది.

ఇప్పుడు డబ్బు. 2025 సెప్టెంబర్ 22 నుంచి నోటుపుస్తకాలు, పెన్సిళ్ళు, మెండర్లు, రబ్బర్లు, క్రేయాన్లు, పటాలు, చార్టుల మీద జీఎస్టీ పూర్తిగా ఎత్తేశారు. అంతకు ముందు వీటిలో చాలావాటి మీద 12 శాతం ఉండేది, రబ్బర్ల మీద 5 శాతం. కోఠీ దుకాణంలో నోటుపుస్తకం కొంటే ఆ తేడా కొన్నవాడికి తెలుస్తుంది, వెనక అట్ట మీద ధర అచ్చయి ఉంటుంది కాబట్టి. ‘ఎల్‌కేజీ కిట్’ అన్న ఒకే లైనులో అది తెలిసే దారేది? మీరు తగ్గించలేదని నేననడం లేదు. మాకు కనపడటం లేదంటున్నాను. విడి ధరలు రాయనంతకాలం, మీరు నిజాయతీగా ఇచ్చినా అనుమానం మీ మీదే ఉంటుంది.

2024 వేసవిలో హైదరాబాద్ జిల్లా విద్యాశాఖాధికారి ప్రైవేటు బడుల ఆవరణలో యూనిఫాంలు, బూట్లు, బెల్టులు అమ్మకూడదని, పుస్తకాలూ స్టేషనరీ అమ్మితే లాభం వేసుకోకుండా అమ్మాలని ఉత్తర్వులిచ్చారు. ఆ తర్వాత కొన్ని చోట్ల జరిగిందేమిటంటే, కౌంటర్ గేటు దాటి ఎదురుగా ఉన్న షట్టర్‌లోకి మారింది. మనిషి మారలేదు, పెట్టె మారలేదు. ఉత్తర్వుని అక్షరాలా పాటించారు, అభినందించాలి.

మీ వైపు మాటలు కూడా విన్నాను, కొట్టిపారేయను. అందరికీ ఒకే రకం వస్తువులుంటే ఉన్నవాళ్ళ పిల్లలు, లేనివాళ్ళ పిల్లలు అన్న తేడా తరగతిలో కనపడదంటారు. నిజమే. స్పైడర్‌మ్యాన్ సంచికీ మామూలు సంచికీ మధ్య ఏం జరుగుతుందో అందరం చూశాం. తల్లిదండ్రులకు జాబితా ఇస్తే జూలై దాకా సగం తేరని కూడా అంటారు. అదీ నిజమే, మాలో అలాంటివాళ్ళున్నారు. మూడోది మీరు గొంతు తగ్గించి చెప్పేది: ‘పుస్తకాలు తక్కువిస్తే మీరే వచ్చి అడుగుతారు, ఫీజు ఇంత తీసుకుని ఇవేనా అని.’ ఇది అన్నిటికంటే నిజం. పుస్తకాల లెక్క చూసి చదువుని కొలిచే అలవాటు మాది. జూన్ మొదటివారంలో రాత్రి పదింటి దాకా కూర్చుని బ్రౌన్ షీటుతో అట్టలేసి, లేబుళ్ళంటించి, పేరు, తరగతి, సెక్షన్ రాసి, ఏదో సాధించినట్టు పడుకుంటాం. చదవాల్సిన మనిషికి లేబుల్ మీద తన పేరు చదవడం రాదు.

కానీ తేడా కనపడకూడదన్న మీ మాటకి పెట్టె అమ్మడం ఒక్కటే మార్గం కాదు. టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉండే మా పిన్ని కూతురు తన కొడుకుని కిండర్‌గార్టెన్‌లో వేసినప్పుడు వాళ్ళ జాబితా పంపింది. క్రేయాన్ల పెట్టెలు, జిగురు పుల్లలు, మొద్దు మొన కత్తెర, టిష్యూ డబ్బాలు, జిప్ సంచులు. వేసవిలోనే వెబ్‌సైట్‌లో పెడతారు, ఎవరికి నచ్చిన దుకాణంలో వాళ్ళు కొంటారు. ఆగస్టులో ఒక వారాంతం వంద డాలర్ల లోపు స్కూలు సామాన్లకు ఆ రాష్ట్రం అమ్మకపు పన్ను తీసుకోదు, జనం అప్పుడే ఎగబడతారు. అసలు విషయం ఆ తర్వాతది. చాలా బడుల్లో మొదటిరోజు ఆ సామానంతా టీచరు తీసుకుని అందరిదీ కలిపి డబ్బాల్లో సర్దేస్తుంది. ఎర్ర క్రేయాన్ ఎవరు కొన్నదో ఎవరికీ తెలియదు. వాళ్ళ బళ్ళ గొప్పలు చెప్పడానికి ఇది రాయడం లేదు. అక్కడా టీచర్లు సొంత డబ్బుతో సామాన్లు కొనుక్కుంటారు, పైగా అది ప్రభుత్వ బడి, పుస్తకాల ఖర్చు లేదు. ఈ ఒక్క పద్ధతి మాత్రం మనకు అచ్చంగా సరిపోతుంది. క్రేయాన్లు, మైనం, కత్తెరలు, రంగు కాగితాలు తరగతి గదిలోనే ఉంచండి, ఇంటి నుంచి సంచిలో మోసుకురానక్కర్లేదు.

మీ దగ్గర మా పప్పులుడకవని మీకూ తెలుసు, మాకూ తెలుసు. సర్కారు బడి చాలాచోట్ల ఒకటో తరగతితోనే మొదలవుతుంది. విద్యాహక్కు చట్టం ఆరేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ వాళ్ళదే. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం సంచి, బూట్లు, యూనిఫాంతో ఇచ్చే కిట్, 2020లో విద్యాకానుకగా వచ్చినప్పుడైనా ఇప్పుడు విద్యార్థి మిత్ర అయినప్పుడైనా, ఒకటో తరగతి నుంచే. 1975 నుంచి అంగన్‌వాడీలున్నాయి కానీ, ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇంట్లో ఆ వేళలు కుదరవు. తెలంగాణలో 2025-26 నుంచి కొన్ని ప్రభుత్వ బడుల్లో ప్రీ ప్రైమరీ మొదలైంది, అది మా వీధి దాకా రావడానికి ఇంకా టైముంది. మూడేళ్ళ పిల్లని ఎక్కడ వేయాలన్న ప్రశ్నకు ఊళ్ళల్లో కూడా మీ పసుపు బస్సే జవాబు. అందుకే పెట్టె ధర ఎంతన్నా నోరు మూసుకుని కడుతున్నాం. వేరే దారి లేనివాళ్ళ నుంచి తీసుకునేది లెక్క చెప్పి తీసుకోండి.

వచ్చే ఏడాదికి నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఏప్రిల్‌లో, పిల్లల్ని ఇంటికి పంపే ముందే, ప్రీ ప్రైమరీ జాబితా నోటీసు బోర్డు మీద అంటించండి. వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టండి, అందులో పొద్దున్నే శుభోదయాలు ఎటూ పెడుతూనే ఉన్నారు. ప్రతి వస్తువు పక్కన అది తరగతిలో దేనికి వాడతారో ఒక ముక్క రాయండి. మీ దగ్గర కొంటే ఎంతో విడివిడిగా రాయండి, బయట కొనుక్కున్నా పర్వాలేదని అదే కాగితం మీద రాయండి. మీ బడి లేబుల్ ఉన్న నోటుపుస్తకమే కావాలంటే లేబుల్ ఒక్కటి అమ్మండి, అంటించుకుంటాం. పాఠ్యపుస్తకాలు తప్పదనుకుంటే అవి బళ్ళోనే ఉంచి, వారానికోసారి ఒక కథల పుస్తకం మాత్రం ఇంటికి పంపండి, మేం చదివి వినిపిస్తాం. టై, బెల్టు యూకేజీ అయ్యేదాకా వాయిదా వేయండి.

ఆ జాబితా అచ్చుకి పంపే ముందు మీ ఎల్‌కేజీ టీచరుని, ఆయమ్మని పిలిచి వాళ్ళ చేతికో ఎర్ర పెన్ను ఇవ్వండి. ఏ వస్తువు పిల్లల చేతుల్లో పనికొస్తుందో, ఏది మార్చి దాకా బీరువాలో మూలుగుతుందో వాళ్ళకి తెలిసినంత మీకూ తెలియదు, నాకూ తెలియదు. వాళ్ళు కొట్టేసినవన్నీ కొట్టేయండి. మిగిలినవి ఎంతైనా సరే, మేం కొంటాం.

ఇట్లు,
ఎల్‌కేజీ పిల్ల తల్లి,
హైదరాబాద్